పల్నాటి మిరప కళ్ళానికి నాపరాయి, సున్నం

పండిన మిరపకాయలో కోతనాటికి 65 నుంచి 80 శాతం వరకు తేమ ఉంటుంది. దానిని 10, 11 శాతానికి తగ్గిస్తేగాని కాయ నిల్వకు పనికిరాదు. పల్నాడులో ఈ పని ఆరుబయట కళ్ళాలలో, ఎండకు దాదాపు రెండు వారాలపాటు జరుగుతుంది. ఆ రోజులలో కాయ మట్టిని తాకినా, రాత్రి మంచుకు తడిసినా ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే శిలీంధ్రం పెరిగి అఫ్లాటాక్సిన్‌ను విడుదల చేస్తుంది. ఐరోపా సమాఖ్య దేశాలు ఎండుమిర్చిలో బి1 రకం అఫ్లాటాక్సిన్‌ను కిలోకు 5 మైక్రోగ్రాములకు, అన్ని రకాలనూ కలిపి 10 మైక్రోగ్రాములకు మించి అంగీకరించవు. ఒకసారి ఏర్పడిన విషాన్ని శీతల గిడ్డంగి తొలగించలేదు. అయినప్పటికీ పంటకోత అనంతర కట్టడాల ప్రస్తావన రాగానే గిడ్డంగులే గుర్తుకు వస్తాయి, కళ్ళం గుర్తుకు రాదు.

ప్లాస్టిక్ పట్టా పరిస్తే మట్టి అంటదు. కాని కాయ నుంచి వెలువడిన తేమ కిందికి పోలేక పట్టాపైనే నిలిచి, తాలు కాయల పాలు పెరుగుతుంది. సిమెంటు గచ్చు మేలైనదే. అయితే ఈ ప్రాంతంలో అది పైనుంచి కాక అడుగునుంచి చెడుతుంది. నల్లరేగడిలోని మాంట్‌మోరిల్లోనైట్ బంకమట్టి వానకాలంలో నీటిని పీల్చి ఉబ్బుతుంది, వేసవిలో కుంచించుకుపోతుంది. ఈ కదలికకు పలుచని గచ్చు రెండు మూడు ఏళ్ళలోనే బీటలు వారవచ్చు. ఆ బీటలలో చేరే దుమ్ము, చెమ్మ శిలీంధ్రానికి ఆశ్రయమవుతాయి.

దీనికి కావలసిన సామగ్రి జిల్లాలోనే ఉన్నది. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు ప్రసిద్ధి. మాచర్ల, దాచేపల్లి ప్రాంతాలలో నార్జి శ్రేణికి చెందిన సున్నపురాయి పొరలు పొరలుగా చీలి నాపరాళ్ళుగా వస్తుంది. ఇక్ష్వాకుల కాలపు నాగార్జునకొండ శిల్పాలు పల్నాటి సున్నపురాతిలో చెక్కినవే. ఆ రాయి మన్నికకు వేరే సాక్ష్యం అక్కరలేదు.

కళ్ళం నిర్మాణంలో ముందుగా చూడవలసినది అడుగునేల. పైమట్టిని ఒక అడుగు లోతున తవ్వి, దాని పొడి బరువులో 3 నుంచి 6 శాతం వరకు తడిపి ఆరిన సున్నపు పొడిని కలిపి, తగిన తేమతో తిరిగి పరచి దిమ్మిస చేయాలి. కాల్షియం బంకమట్టి కణాలను గుమిగూర్చడంతో ఉబ్బు తగ్గుతుంది. క్రమంగా సున్నం మట్టిలోని సిలికా, అల్యూమినాలతో చర్య జరిపి గట్టిపడుతుంది. ఖచ్చితమైన మోతాదును మట్టి పరీక్షతోనే నిర్ణయించాలి. మిగిలిన సున్నాన్ని పొలంలో చల్లకూడదు. అది ఆమ్ల నేలలకు మందు. ఇప్పటికే క్షారగుణమున్న నల్లరేగడిలో జింకు, ఇనుము లోపాలను మరింత పెంచుతుంది.

ఈ పొరపై క్వారీ వ్యర్థపు రాతిముక్కలు, ఆపైన ఇసుక, చివరగా నాపరాళ్ళు వేస్తారు. కళ్ళం చుట్టుపక్కల నేలకన్నా ఒక అడుగు ఎత్తున, నూటికి ఒకటి రెండు వంతుల వాలుతో ఉండటం అవసరం. నేల కొద్దిగా కదిలినా విడివిడి రాళ్ళు సర్దుకుంటాయి. పగిలిన రాయిని ఒక్కదానినే మార్చవచ్చు. రాత్రి ఆకాశంలోకి వేడి పోయి మంచు పడటం రాతిపైనా తప్పదు కనుక సాయంత్రం కాయను పోగుచేసి టార్పాలిన్ కప్పడం మానరాదు.

పర్యావరణ దృష్టిలోనూ ఈ అమరికకు అర్థం ఉన్నది. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాతిని కాలిస్తే ఇంధనపు పొగ కాక రాతినుంచే 44 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. సున్నం ఆరేటప్పుడు అందులో కొంత తిరిగి పీల్చుకున్నా, సిమెంటు వాడకానికి ఆ అవకాశం తక్కువే. నాపరాయికి బట్టీ అక్కరలేదు. కనుక కాల్చిన రాయిని అడుగు పొరకే పరిమితం చేసి, కాల్చని రాయిని పైన పరచడం మేలు. మిరప లేని వానకాలంలో 100 చదరపు మీటర్ల కళ్ళంపై 25 మిల్లీమీటర్ల వాన కురిస్తే, నష్టాలు పోను 2,000 లీటర్ల వరకు నీటిని పొలం కుంటలోకి మళ్ళించవచ్చు.

అసలు చిక్కు సాంకేతికమైనది కాదు. మిరప సాగుదారులలో కౌలు రైతులు ఎందరో. పరాయి భూమిలో వారు శాశ్వత గచ్చు కట్టలేరు, భూయజమానికి కాయ నాణ్యతతో నేరుగా సంబంధం లేదు. రెండడుగుల చదరపు నాపరాయి, ఒకటిన్నర అంగుళాల మందంతో, సుమారు 40 కిలోలు తూగుతుంది. ఇద్దరు మోయగలరు. సిమెంటు అతుకులు లేకుండా ఇసుకపై పరచిన రాళ్ళను కౌలు ముగిసినప్పుడు రైతు ట్రాక్టరులో వేసుకొని పోవచ్చు. అడుగునేలకు పెట్టిన ఖర్చు మాత్రం భూయజమానికే మిగిలిపోతుంది. ఆ వాటాను ఎవరు భరించాలనేది కౌలు ఒప్పందంలోనే రాసుకోవలసి ఉంటుంది.