గిజిగాడికి పసుపు ఎక్కడిది?

మే నెల మధ్యకల్లా నైరుతి రుతుపవనాలు బర్మాలోని యాంగోన్ చేరతాయి. శివార్లలో వరిమళ్ళు నీటితో నిండుతాయి, తాటిచెట్ల మీద గిజిగాళ్ళ సందడి మొదలవుతుంది. నెలల తరబడి ఆడదేదో మగదేదో తెలియకుండా గోధుమరంగులో తిరిగిన గుంపులో మగపిట్టలకు ఇప్పుడు నడినెత్తిన పచ్చటి పసుపు, చెంపల మీద ముదురు ముసుగు, నల్లబడిన ముక్కు!

పూర్తిగా పెరిగిన ఈక గోరులాగా నిర్జీవం. దానికి లోపలి నుంచి కొత్త రంగు ఎక్కదు. పాతది రాలాలి, కొత్తది మొలవాలి. ఆ మొలిచేటప్పుడే తిండితో అందిన కెరోటినాయిడ్లు పసుపునూ, శరీరమే తయారుచేసుకునే మెలనిన్ నలుపునూ ఇస్తాయి. గూళ్ళ కాలం ముగిశాక ఒంటిమీది ఈకలన్నీ మళ్ళీ మారతాయి.

ఊరపిచ్చుకది వేరే దారి. మగ పిచ్చుక గొంతు కింది నల్లమచ్చ కొత్త ఈకల లేతరంగు అంచుల కింద దాగి ఉంటుంది. ఆ అంచులు అరిగేకొద్దీ నలుపు బయటపడుతుంది. ఈక మారకుండానే వేషం మారుతుంది.

మరి గిజిగాడికి రంగు మార్చమని చెప్పేదెవరు? వృషణాల నుంచి వచ్చే టెస్టోస్టిరాన్ అని ఎవరైనా అనుకుంటారు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో థప్లియాల్ బృందం 1960ల తొలినాళ్ళలో చేసిన ప్రయోగాలు ఈ ఊహను తలకిందులు చేశాయి. వృషణాలు తీసేసిన మగపిట్టలకూ పసుపు ఈకలు వచ్చాయి, ముక్కు మాత్రం నల్లబడలేదు. ఈకలకు ఆజ్ఞ మెదడు అడుగునున్న పీయూష గ్రంథి విడుదల చేసే ల్యూటినైజింగ్ హార్మోన్‌ది. ముక్కుకు టెస్టోస్టిరాన్‌ది. ఒకే పిట్ట ముఖం మీద రెండు రంగులు, రెండు వేరువేరు అధికారాలు! పక్షిశాస్త్రంలో ఇంత ముచ్చటైన సంగతులు అరుదు.

పీయూష గ్రంథిని మేల్కొలిపే వాటిలో పగటి నిడివి ముఖ్యం. యాంగోన్‌లో అతి పొడవైన పగటికీ అతి చిన్న పగటికీ తేడా సుమారు రెండు గంటలే. కాకినాడ పక్కన కోరంగిలోనూ అంతే, రెండూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీదున్నాయి. ఒకప్పుడు ఆ తీరం నుంచి ఓడెక్కి రంగం (ఇప్పటి యాంగోన్) వెళ్ళిన తెలుగు కూలీలకు అక్కడి పొలాల్లో గిజిగాడు కొత్త కాదు. కాకపోతే మన గిజిగాడి రొమ్ము కూడా పసుపే, బర్మా ఉపజాతి రొమ్ము లేత గోధుమరంగు.

ఇంత సింగారించుకున్న మగపిట్ట సగం అల్లిన గూటికి వేలాడుతూ రెక్కలు ఆడించి ఆడపిట్టను పిలుస్తుంది. ఆమె మాత్రం గూడు ఎంత ఎత్తున ఉంది, ఎలాంటి చెట్టుకు ఉంది అన్నవే ముఖ్యంగా చూస్తుందని మన దేశంలో జరిగిన పరిశీలనలు చెబుతున్నాయి.