వడ్డీ అయిపోయింది... అసలు మిగిలింది!

పాతికేళ్లు నెల తప్పకుండా బ్యాంకుకు డబ్బు కట్టారు. ఉద్యోగ బాధ్యతలు ముగిశాయి. ఇక ఇల్లు మనదే, నిశ్చింతగా ఉండొచ్చు అనుకుంటున్నవేళ బ్యాంకు నుంచి ఓ ఉత్తరం. 'మీరు తీసుకున్న అప్పు మొత్తం ఫలానా తేదీలోగా చెల్లించాలి' అని! బ్రిటన్‌లో ఎందరో వృద్ధులకు ఎదురవుతున్న పరిస్థితి ఇది. ఇన్నేళ్లూ వాళ్లు కట్టింది వడ్డీ మాత్రమే. మరి ఇప్పుడేం చేయాలి?

అసలు కన్నా వడ్డీ ముద్దు అంటారు మన పెద్దలు, మనవల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని. బ్రిటన్ బ్యాంకులు ఆ మాటను అక్షరాలా పాటించాయి. మనదగ్గర ఇంటి అప్పు అంటే ఈఎంఐ. ప్రతి వాయిదాలోనూ వడ్డీతోపాటు అసలూ కొంత తీరిపోతుంది. ఆఖరి వాయిదాతో బాకీ సున్నా. బ్రిటన్‌లో అదొక్కటే కాదు, 'ఇంట్రస్ట్ ఓన్లీ మార్ట్‌గేజ్' అని మరోటుంది. నెలనెలా వడ్డీ కడితే చాలు, అసలు జోలికి పోనక్కర్లేదు. గడువు తీరిన రోజున మాత్రం అదంతా ఒక్కసారే ఇచ్చేయాలి.

లక్ష పౌండ్ల అప్పు, 5 శాతం వడ్డీ, పాతికేళ్ల గడువు అనుకుందాం. మామూలు పద్ధతిలో నెలకు 585 పౌండ్లు కట్టాలి. వడ్డీ మాత్రమే అయితే 417 చాలు. నెలకు 168 పౌండ్లు ఆదా! పిల్లల చదువులు, ఇంటి ఖర్చులతో సతమతమయ్యే వయసులో ఎవరికైనా అది పెద్ద ఊరటే. కానీ పాతికేళ్ల తర్వాత లెక్క చూస్తే... మొదటి పద్ధతిలో మొత్తం కట్టేది సుమారు 1.75 లక్షలు. రెండో పద్ధతిలో వడ్డీకే 1.25 లక్షలు పోగా, అసలు లక్ష అలాగే కూర్చుని ఉంటుంది.

బీమా మీద భరోసాతో...

మరి అంత తెలిసీ ఎందుకు తీసుకున్నారు? 1980లలో ఈ అప్పుకు తోడుగా 'ఎండోమెంట్ పాలసీ' అమ్మేవారు. బ్యాంకుకు వడ్డీ, బీమా కంపెనీకి ప్రీమియం. కంపెనీ ఆ డబ్బును షేర్లలో, ఇతర పెట్టుబడుల్లో పెడుతుంది. గడువునాటికి పాలసీ పండుతుంది. అప్పు తీరగా పైన కొంత మిగులుతుంది కూడా అని ఆశ పెట్టారు. పండుతుందన్న హామీ మాత్రం చాలా పాలసీల్లో లేదు. 1990లలో బోనస్‌లు తగ్గుతూ వచ్చాయి. 2000 తర్వాత షేర్ల ధరలు పడిపోయాయి. పాలసీదారులకు రంగురంగుల ఉత్తరాలు రావడం మొదలైంది. ఆకుపచ్చదైతే పర్వాలేదు. పసుపైతే జాగ్రత్త పడాలి. ఎరుపైతే మాత్రం పాలసీ డబ్బు అప్పుకు చాలకపోయే ప్రమాదం ఎక్కువ.

ఆ తర్వాత తీసుకున్నవారిలో చాలామందికి ఆ పాలసీ కూడా లేదు. ఇళ్ల ధరలు పెరుగుతున్నాయిగా, చివర్లో అమ్మేస్తే సరిపోతుందన్నది ధీమా. 2008 సంక్షోభంతో కళ్లు తెరిచిన అధికారులు, 2014 ఏప్రిల్ నుంచి నిబంధనలు బిగించారు. అసలు ఎలా తీరుస్తారో నమ్మకంగా చూపిస్తేనే ఇలాంటి అప్పు. కానీ అప్పటికే తీసుకున్నవాళ్ల సంగతి? ఆర్థిక సేవల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ 2018 జనవరిలో చెప్పిన లెక్క ప్రకారం, అసలు పూర్తిగానో కొంతో ఇలా మిగిలివుండే ఖాతాలు దాదాపు 16.7 లక్షలు. గడువులు ఎక్కువగా తీరే సమయాలు మూడని తేల్చింది: 2017-18, 2027-28, 2032.

ఉత్తరం వచ్చాక...

లక్ష పౌండ్లంటే పెద్దాయనకు ఎంత? బ్రిటన్‌లో 2025-26లో పూర్తి ప్రభుత్వ పింఛను వారానికి 230.25 పౌండ్లు. తిండీ తిప్పలూ మానేసి మొత్తం దాచినా, ఎనిమిదేళ్లు దాటితేగానీ లక్ష కాదు. అందుకే దారులు వెతుక్కోవాలి. ఉన్నవి ఇవీ.

ఇల్లు అమ్మి చిన్నదానికి మారడం: అన్నిటికన్నా సూటైన దారి. బాకీ తీరుతుంది, వడ్డీ పోటు ఉండదు. లండన్‌లో అమ్మి, ధరలు తక్కువగా ఉన్న ఊళ్లో కొనుక్కునేవాళ్లకు కాస్త మిగులుతుంది కూడా. కానీ ఏజెంటు రుసుము, వకీలు ఖర్చు, సామాను తరలింపు, కొత్త ఇంటిమీద పన్ను లెక్కలో వేసుకోవాలి. లెక్కకు అందనిది ఇంకోటుంది... ముప్ఫై ఏళ్లుగా పలకరించే పొరుగువాళ్లు, అలవాటైన డాక్టరు, పిల్లలు ఆడుకున్న పెరడు. డెబ్భై ఏళ్ల వయసులో వాటిని వదులుకోవడం తేలిక కాదు.

గడువు పెంచమని అడగడం: కొన్ని బ్యాంకులు ఒప్పుకుంటాయి. అయితే వయసు పరిమితి చూస్తాయి. పదేళ్లలో అసలుతో సహా తీర్చాలంటే 5 శాతం వడ్డీకి నెలకు 1,060 పౌండ్లు కావాలి. ప్రభుత్వ పింఛను మొత్తం పోసినా చాలదు. కొంత అసలు ఇప్పుడే కట్టి, మిగతాదానికి వడ్డీ కడతామని బేరమాడుకోవడం మధ్యేమార్గం.

రిటైర్‌మెంట్ ఇంట్రస్ట్ ఓన్లీ: 2018లో ఎఫ్‌సీఏ నిబంధనలు సడలించడంతో ఊపందుకున్న అప్పు ఇది. దీనికి గడువు తేదీ ఉండదు. బతికున్నంతకాలం వడ్డీ కడుతూ ఉండాలి. మరణించాకో, శాశ్వతంగా వృద్ధాశ్రమానికి వెళ్లాకో ఇల్లు అమ్మి అసలు జమ చేసుకుంటారు. పింఛనుతో వడ్డీ కట్టగలమని చూపిస్తే చాలు. చిక్కు ఎక్కడంటే, 6 శాతం వడ్డీ అయితే లక్షకు నెలకు 500 పౌండ్లు. ఒకరి ప్రభుత్వ పింఛనులో సగం అటే పోతుంది. భార్యాభర్తల్లో ఒకరు పోతే రెండోవారి ఆదాయం ఒక్కటే దీన్ని మోయగలదా అని కూడా బ్యాంకు చూస్తుంది.

లైఫ్‌టైమ్ మార్ట్‌గేజ్: 55 దాటినవాళ్లకు. నెలనెలా ఏమీ కట్టక్కర్లేదు. కొత్త అప్పుతో పాతది తీర్చేయొచ్చు. కానీ కట్టని వడ్డీ అసలులో కలిసి, దానిమీద మళ్లీ వడ్డీ పడుతుంది. 6 శాతం చొప్పున లక్ష పౌండ్లు 12 ఏళ్లలో రెండు లక్షలు, 24 ఏళ్లలో నాలుగు లక్షలు! ఈ రంగంలోని ఈక్విటీ రిలీజ్ కౌన్సిల్ ప్రమాణాల ప్రకారం బాకీ ఇంటి ధరను మించినా వారసుల నెత్తిన పడదు. 2022 మార్చి తర్వాతి పథకాల్లో వీలున్నప్పుడు కొంత కొంత కట్టే సదుపాయమూ ఉంది. వడ్డీలోనైనా కాస్త కట్టగలిగితే ఆ కొండ అంతగా పెరగదు. పైగా డబ్బు చేతికి వస్తే పేద వృద్ధులకు ప్రభుత్వమిచ్చే సాయం తగ్గొచ్చు. సంతకానికి ముందు ఆ సంగతీ కనుక్కోవాలి.

పింఛను నిధిని వాడటం: సొంత పింఛను నిధి ఉన్నవాళ్లు 55 దాటాక (2028 ఏప్రిల్ నుంచి 57) సాధారణంగా నాలుగో వంతు పన్ను లేకుండా తీసుకోవచ్చు. మిగతాది ఆదాయం కిందే లెక్క. లక్షా ఒకే ఏడాది తీస్తే 75 వేలకు పన్ను పడుతుంది, అందులో కొంత భాగానికి 40 శాతం చొప్పున! అందుకే గడువుకు ముందు నాలుగైదేళ్లలో విడతలుగా తీయడం మేలు. పెద్ద వయసుకు మిగిలేదెంతో చూసుకున్నాకే సుమా.

తెలుగువారి సంగతి

దశాబ్దాల కిందట ఇక్కడి వైద్య కళాశాలల్లో చదివి, బ్రిటన్ ఆసుపత్రుల్లో పనిచేసి, అక్కడే విశ్రాంత జీవితం గడుపుతున్న మనవాళ్లున్నారు. ఇలాంటి అప్పు ఉండి, ఊళ్లో స్థలమో పొలమో ఉంటే వాళ్లకు ఇంకో దారి. రిజర్వుబ్యాంకు నిబంధనల ప్రకారం ప్రవాసులు తమ ఎన్ఆర్ఓ ఖాతా నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా బయటికి తీసుకెళ్లవచ్చు. అయితే అమ్మకం లాభంమీద ఇక్కడా పన్ను, అక్కడా లెక్క చెప్పాల్సిందే. ఒకే లాభంమీద రెండుసార్లు భారం పడకుండా ముందే ఆడిటర్‌ను కలవడం మంచిది. బ్రిటన్‌లో అద్దెకివ్వడానికి రెండో ఇల్లు కొనే కుర్రాళ్లూ గమనించాలి. ఆ అప్పులు ఎక్కువగా వడ్డీ మాత్రమే కట్టే రకమే.

మాట్లాడితేనే దారి

ఎఫ్‌సీఏ గుర్తించిన మరో విషయం... చాలామంది బ్యాంకుతో మాట్లాడటానికే ముందుకు రావడంలేదు. సిగ్గు కొందరికి, ఇల్లు పోతుందన్న భయం కొందరికి. ఉత్తరం సొరుగులోకి వెళ్లిపోతుంది. కానీ పై దారుల్లో దాదాపు అన్నిటికీ సమయమే పెట్టుబడి. ఐదేళ్ల ముందు మేల్కొంటే అసలులో కొంత తగ్గించుకోవచ్చు, పన్ను తప్పించుకోవచ్చు, నచ్చిన ధరకు ఇల్లు అమ్ముకోవచ్చు. ఐదు వారాల ముందైతే బ్యాంకు దయాదాక్షిణ్యాలే గతి. ఏమీ చేయకుంటే చివరికి కోర్టు, ఆపైన ఇంటి స్వాధీనం. సిటిజన్స్ అడ్వైస్, మనీహెల్పర్ లాంటి సంస్థలు ఉచితంగానే సలహా ఇస్తాయి. పిల్లలకు చెప్పడమూ ముఖ్యమే. ఇల్లు తమకొస్తుందనుకుంటున్న వాళ్లకు అమ్మానాన్నలు పోయాక బాకీ సంగతి తెలియడం కన్నా, నలుగురూ కూర్చుని ఇప్పుడే మాట్లాడుకోవడం నయం.

మనవల ముద్దు దగ్గర వడ్డీ గొప్పదే. ఇంటి అప్పు దగ్గర మాత్రం... ముందు అసలు సంగతి చూడాలి!