పాత చీరలు స్టీలు గిన్నెలకు వేసేస్తున్నారా? ఆగండి.. రెండు చీరలుంటే ఇంట్లోనే బొంత రెడీ!

గన్నవరం: "పాత బట్టలకు స్టీలు సామాన్లు.." అన్న కేక వినపడగానే బీరువా అడుగున ఉన్న కాటన్ చీరలన్నీ బయటికొస్తాయి. నాలుగు చీరలు వెళ్తాయి.. ఒక గిన్నె వస్తుంది. గన్నవరం అనే కాదు, కృష్ణా డెల్టాలో ఏ ఊళ్లోనైనా కనిపించే సీనే ఇది. కానీ ఒక తరం వెనక్కి వెళ్తే ఆ చీరలు గుమ్మం దాటేవి కావు. కట్టి కట్టి మెత్తబడిన చీర బొంత అయ్యేది. ఆ బొంత చిరిగితే ఇంకో బొంతకు లోపలి పొర అయ్యేది. చివరికి వంటింట్లో మసిగుడ్డ అయ్యేది.

ఇప్పుడు ఆ బొంత మళ్లీ గుర్తొస్తోంది. కొందరికి అది టైమ్‌పాస్ హాబీ. కొందరికి ఫోన్ పక్కన పెట్టి కాసేపు చేతికి పని చెప్పే అలవాటు. ఇంకొందరికి చనిపోయిన అమ్మ చీరల్ని ఏం చేయాలో తెలియక దొరికిన దారి. అయితే ఒక చిక్కుంది. బొంత కుట్టడం పుస్తకంలో చదివి నేర్చుకున్న విద్య కాదు. అమ్మమ్మ పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నది. ఆ అమ్మమ్మలు తగ్గిపోతున్నారు. అందుకే అసలు బొంత అంటే ఏంటి, ఎలా కుట్టాలి, ఎక్కడ పొరపాటు జరుగుతుంది.. ఈ వివరాలన్నీ ఒక్కచోట చూద్దాం.

బొంతకి, పరుపుకి తేడా ఏంటి?

చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు. పరుపులో దూది ఉంటుంది. బూరుగు దూదో, పత్తి దూదో ఏకి, గుడ్డ సంచిలో నింపి కుడతారు. అది దూదేకులవారి పనితనం. ఉత్తరాది రజాయి కూడా దూది నింపినదే. బొంతలో దూది ఉండదు. గుడ్డ మీద గుడ్డ పరిచి, అన్ని పొరల్నీ దారంతో కలిపి కుట్టేస్తే అదే బొంత. కింద పరుచుకోవచ్చు, పైన కప్పుకోవచ్చు, మడిచి తలకింద పెట్టుకోవచ్చు. పసిపిల్లల పక్కకీ అదే, ప్రయాణంలో పక్కకీ అదే.

మన భాషలో బొంత ఎంత కలిసిపోయిందంటే.. సరిగ్గా సరిపోయిన జంటను చూస్తే "గంతకు తగ్గ బొంత" అంటాం. నాలుగైదు పార్టీలు కలిసి ప్రభుత్వం పెడితే "అతుకుల బొంత ప్రభుత్వం" అని ప్రత్యర్థులు విమర్శిస్తారు. నిజానికి అతుకుల బొంత అంత తేలిగ్గా విడిపోదు. దాన్ని పట్టి ఉంచేది అతుకు కాదు.. అడ్డంగా, నిలువుగా నడిచిన కుట్టు.

మన ఒక్కరిదే కాదు.. దేశమంతా ఉంది!

పాత బట్టల పొరల్ని కలిపి కుట్టే పద్ధతి దేశంలో చాలా చోట్ల ఉంది. మహారాష్ట్రలో గోధడీ, కర్ణాటకలో కౌదీ, బిహార్‌లో సుజనీ, బెంగాల్‌లో కాంతా, రాజస్థాన్‌లో రల్లీ. 'కంథ' అనే సంస్కృత మాటకు తెలుగు నిఘంటువుల్లో ఇచ్చే అర్థం కూడా బొంతే. కర్ణాటక ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ మహిళలు కుట్టే బొంతలు చూడటానికే రంగుల పండగ. వాటికి నాలుగు మూలలా గుడ్డ ముక్కల్ని మడిచి చిన్న పువ్వుల్లా కుడతారు. ఆ పువ్వులు లేకపోతే బొంత పూర్తయినట్టు కాదని వాళ్ల నమ్మకం.

విదేశాల సంగతి చెప్పాలంటే అమెరికా అలబామాలోని గీస్ బెండ్ గురించి చెప్పాల్సిందే. అక్కడి నల్లజాతి మహిళలు పొలం పనికి వేసుకుని చిరిగిన బట్టలతో చలికి కప్పుకోవడానికి బొంతలు కుట్టుకున్నారు. 2002లో అవే బొంతలు న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం గోడలకెక్కాయి. 2006లో అమెరికా పోస్టల్ శాఖ వాటితో స్టాంపులు విడుదల చేసింది. మనం మాత్రం మన బొంతని సామెతల్లో దాచుకుని, మంచం మీద నుంచి తీసేశాం.

మన వాతావరణానికి ఇదే ఎందుకు కరెక్ట్?

విజయవాడ, గన్నవరం ప్రాంతంలో ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది. వానాకాలం ఉక్కపోత. చలికాలం ఉన్నా అది ఉత్తరాది చలి కాదు. ఇలాంటి చోట పాలిస్టర్ నింపిన మందపాటి కంఫర్టర్ కప్పుకుంటే చెమట లోపలే ఆగిపోతుంది. పాత కాటన్ అలా కాదు. చెమటని పీల్చుకుంటుంది, గాలి ఆడనిస్తుంది. ఐదారు పొరల మధ్య నిలిచే కాస్త గాలే మనకు వెచ్చదనం ఇస్తుంది. ఏసీ గదిలో కప్పుకోవడానికి ఇది చక్కగా సరిపోతుంది. ఎండాకాలం డాబా మీద పక్క వేసుకోవడానికీ పనికొస్తుంది.

ఇంకో కారణం మన కళ్ల ముందే జరిగింది. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వరద సింగ్‌నగర్ చుట్టుపక్కల కాలనీలను రోజుల తరబడి ముంచేసింది. నీళ్లు తీసేశాక చాలా ఇళ్లలో ముందు బయటపడేయాల్సి వచ్చిన వాటిలో పరుపులున్నాయి. ఫోమ్ అయినా, దూది అయినా మురుగునీరు లోపలికంటా పీల్చిన పరుపుని పూర్తిగా శుభ్రం చేయడం కుదరదు. బొంత అయితే వేడినీళ్లలో డిటర్జెంట్ వేసి నానబెట్టి, ఉతికి, మంచి ఎండలో ఆరేస్తే మళ్లీ వాడుకోవచ్చు. వరద ముప్పు ఉన్న ఊళ్లో ఉతుక్కోగలిగే పక్క ఉండటం చిన్న విషయం కాదు.

ఏ చీర పనికొస్తుంది? ఏది వద్దు?

ఇక్కడే సగం బొంతలు పాడవుతాయి. గుర్తుపెట్టుకోవాల్సినవి ఇవే:

- బాగా వాడిన కాటన్ చీరలు బెస్ట్. సూది సులువుగా దిగుతుంది. కొత్త కాటన్ వాడాల్సి వస్తే ముందు ఒకటి రెండుసార్లు ఉతకాలి. లేదంటే బొంత అయ్యాక ఆ ఒక్క పొర కుంచించుకుపోయి మొత్తం ముడతలు పడుతుంది.
- గంజి పూర్తిగా పోయేలా జాడించాలి. గంజి ఉంటే సూది దిగదు. పైగా దాచిన చోట పురుగు చేరుతుంది.
- మంగళగిరి లాంటి జరీ అంచు చీరలైతే అంచు కత్తిరించి పక్కన పెట్టండి. జరీ ఒంటికి గుచ్చుకుంటుంది, కుట్టు దారాన్ని కోసేస్తుంది.
- రంగు వదులుతుందా అన్నది చూడాలి. తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్దండి. రంగు అంటితే ఆ చీరని విడిగా ఉతుకుతూ ఉండాలి. రంగు ఆగాకే బొంతలోకి.
- పెడన కలంకారీ ముక్కలు మిగిలితే పైపొరకు అతుకులుగా చాలా బాగుంటాయి. వాటికీ ఇదే రూల్.. ముందు ఉతకాలి, తర్వాతే కుట్టాలి.
- సింథటిక్, షిఫాన్, జార్జెట్ వద్దు. జారిపోతాయి, చెమట పీల్చవు. నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకునే ప్రమాదం ఉంది. దోమల చక్రం పక్కనే పడుకునే ఇళ్లలో ఇది తప్పక ఆలోచించాల్సిన విషయం.

లెక్క ఇదీ.. రెండు చీరలు చాలు

చీర పొడవు సుమారు ఐదున్నర మీటర్లు. వెడల్పు 45 అంగుళాల పైనే. పొడవుని మూడు సమాన మడతలు వేస్తే ఒక్కో మడత దాదాపు ఆరడుగులు వస్తుంది. అంటే ఒక్క చీర మడిస్తే ఆరడుగుల పొడవు, మూడు ముప్పావు అడుగుల వెడల్పు ఉన్న మూడు పొరలు. ఒక మనిషి పడుకునే కొలత సరిగ్గా అదే!

మొదటి చీరని కత్తిరించకుండా మూడు మడతలు వేసి లోపల పెట్టాలి. రెండో చీరని మూడు ముక్కలు చేయాలి. ఒకటి కిందికి, ఒకటి పైకి. మూడో ముక్కలోంచి నాలుగు వేళ్ల వెడల్పున నాలుగు పట్టీలు తీస్తే చుట్టూ అంచుకు సరిపోతాయి. మొత్తం ఐదు పొరలు. మొదటిసారి కుట్టేవాళ్లకి ఇంతకన్నా మందం వద్దు. చేయి అలవాటయ్యాక మూడో చీర వేసి ఎనిమిది పొరలు చేసుకోవచ్చు. ఇద్దరికి కావాలంటే రెండు వెడల్పుల్ని ముందే కలిపి కుట్టుకుని మొదలుపెట్టాలి.

స్టెప్ బై స్టెప్.. ఎలా కుట్టాలి?

1. పరచడం: నేల తుడిచి, ఆరాక చాప మీద కింది పొర పరచండి. దాని మీద మడత చీర, ఆపైన పై పొర. ప్రతి పొరనీ మధ్య నుంచి అంచులకు అరచేత్తో దువ్వాలి. ఈ పనికి ఇద్దరుంటే బెటర్. చెరో కొస పట్టుకుని లాగితే ముడత ఉండదు.

2. కచ్చా కుట్టు: ఇదే అసలు కీలకం. చాలామంది వదిలేసేదీ ఇదే. మధ్యలోంచి మొదలుపెట్టి నాలుగు వైపులకూ జానెడు దూరంలో పెద్ద పెద్ద కుట్లు వేయాలి. పొరలు కదలకుండా పట్టి ఉంచడానికే ఇది. బొంత పూర్తయ్యాక ఈ దారం లాగేస్తాం.

3. అసలు కుట్టు: మందపాటి కాటన్ దారం, పొడవాటి సూది తీసుకోండి. గోనెసంచులు కుట్టే దబ్బనం పాత బొంతలకు వాడేవాళ్లు కానీ, ఐదు పొరలకు అంత అక్కర్లేదు. పెద్ద రంధ్రం చేస్తే గుడ్డ అక్కడే చిరుగుతుంది. దారాన్ని కొవ్వొత్తి మీద ఒకసారి లాగితే చిక్కుపడదు. కుట్టు మధ్య వరస నుంచి మొదలుపెట్టి బయటికి రావాలి. సూది కిందికి దిగి పైకి రావడమే.. ఇంకే టెక్నిక్ లేదు. కుట్టు వడ్లగింజ పొడవు ఉంటే చాలు. వరసకీ వరసకీ మధ్య రెండంగుళాలు. మరీ దూరమైతే ఉతికినప్పుడు లోపలి పొర ఉండలు కడుతుంది.

4. దారం లాగడం: బిగించి లాగొద్దు. లాగితే గుడ్డ కుచ్చుపడుతుంది. ప్రతి వరసా అయ్యాక అరచేత్తో ఒకసారి సాఫు చేయాలి.

5. అంచు: పట్టీని అంచు చుట్టూ మడిచి రెండు వైపులా పట్టేలా కుట్టేయాలి. బొంత ముందు చిరిగేది అంచు దగ్గరే. కాబట్టి ఇక్కడ కుట్లు దగ్గరగా పడాలి.

టైమ్ ఎంత పడుతుంది? 45 అంగుళాల వెడల్పులో రెండంగుళాలకో వరస అంటే సుమారు 22 వరసలు. రోజుకు రెండు వరసలు కుట్టినా 11 రోజులు. ఒక సీరియల్ టైమ్‌లో ఒక వరస అనుకోండి! నడుం వంచి గంటల తరబడి కుట్టొద్దు. వెలుతురులో, వీపుకి గోడ ఆనించి, అరగంటకోసారి లేవాలి. వేలికి టైలర్లు వాడే థింబుల్ పెట్టుకుంటే సూది గుచ్చుకోదు.

మిషన్ మీద కుట్టొచ్చా?

కుట్టొచ్చు. ఇంట్లో ఉండే మామూలు మిషన్ మీద మూడు నాలుగు పాత కాటన్ పొరలు నడుస్తాయి. 16 నంబర్ సూది వేసి, కుట్టు పొడవు పెంచాలి. కచ్చా కుట్టు మాత్రం ఇక్కడ ఇంకా ముఖ్యం. మిషన్ కింది పొరని ముందుకు లాగేస్తుంది, పై పొర వెనకపడుతుంది. పని త్వరగా అయిపోతుంది కానీ, చేతి కుట్టు బొంతకున్న మెత్తదనం రాదు.

పసిపిల్లలున్న ఇంట్లో జాగ్రత్త

మనవాళ్లు మనవడో మనవరాలో పుడితే ముందు కుట్టేది చిన్న బొంతే. ముద్దుగా ఉంటుంది నిజమే. కానీ ఏడాది లోపు పిల్లలు నిద్రపోయేటప్పుడు వదులుగా ఉండే దుప్పట్లు, బొంతలు కప్పొద్దని, పక్కన మెత్తటివి పెట్టొద్దని పిల్లల డాక్టర్లు స్పష్టంగా చెబుతారు. అవి ముఖం మీదకు వస్తే ఊపిరి ఆడదు. ఆ బొంతని మెలకువగా ఉన్నప్పుడు ఆడుకోవడానికి నేల మీద పరచండి. అది కూడా పెద్దవాళ్ల కళ్ల ముందే. దాని మీద గుండీలు, పూసలు, లేసులు వద్దు.

ఉతకడం, దాచడం

తడిసిన బొంత చాలా బరువెక్కుతుంది. ఒక్కరే పిండితే నడుం పట్టేస్తుంది, కుట్లూ తెగుతాయి. మెలిపెట్టకుండా నీళ్లు కారనిచ్చి, రెండు తాళ్ల మీద వెడల్పుగా ఆరేయాలి. మన గాలిలో తేమ ఎక్కువ. పైన ఆరినట్టు కనిపించినా లోపల పచ్చి ఉంటే బూజు పడుతుంది. అందుకే తిరగేసి రెండో వైపు కూడా ఎండ చూపించాలి. దాచేటప్పుడు ప్లాస్టిక్ కవర్ వద్దు. పాత పంచెలో చుట్టి, మధ్యలో ఎండిన వేపాకు వేసే పాత అలవాటే మంచిది. వానాకాలం అయ్యాక ఒకసారి ఎండలో వేయడం మర్చిపోవద్దు.

అమ్మ చీరలుంటే..

చాలా ఇళ్లలో బీరువాలో ఒక అర ఉంటుంది. అమ్మవో, నాయనమ్మవో చీరలు. కట్టుకోలేరు, ఎవరికీ ఇవ్వలేరు. గిన్నెలకు వేయడానికి అసలు చేతులు రావు. అలాంటి చీరతో బొంత కుట్టాలనుకుంటే తొందరపడి కత్తెర పెట్టొద్దు. ముందు ఇంట్లో అందరినీ అడగండి. చెల్లికో, వదినకో అదే చీర మీద మనసుండొచ్చు. పైన చెప్పిన లెక్కలో లోపలి చీరకి కత్తెర తగలదని గమనించారా? అమ్మ చీరని ఆ మడతల్లో పెడితే, ఎప్పుడైనా కుట్లు విప్పితే చీర చీరలాగే బయటికొస్తుంది. ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే ఒకే చీర మూడు ముక్కలు చేసి ముగ్గురి బొంతలకీ పై పొరగా వేసుకోవచ్చు. కొంగు ఎవరికన్నది మాత్రం ముందే మాట్లాడుకోండి!

ఇక చివరి మాట. ఇప్పుడు రోజూ కట్టే చీరల్లో కాటన్ తగ్గింది, సింథటిక్ పెరిగింది. అంటే బొంతకి పనికొచ్చే పాత చీరలు కూడా ఏటేటా తగ్గిపోతున్నట్టే. ఈసారి వీధిలో స్టీలు సామాన్ల కేక వినపడితే ఒక పని చేయండి. కాటన్ చీరలు రెండు పక్కన పెట్టి, మిగతావి ఇవ్వండి. ఇంట్లో బొంత కుట్టడం తెలిసిన పెద్దావిడ ఉంటే ఆ రెండూ ఆవిడ ముందు పెట్టి, సూదిలో దారం మీరు ఎక్కించండి. కళ్లు ఆనకపోయినా, కుట్టు ఎలా నడవాలో ఆవిడ చేతికి ఇంకా గుర్తుంటుంది.