ముఖానికి రాసుకునే ముందు: ఎవరి సలహా నమ్మాలి?

4.1 పరిచయం

పెళ్లి ఇంకో నెల ఉందనగా పెళ్లికూతురికి సలహాలు మొదలవుతాయి. పిన్ని శనగపిండిలో మీగడ కలిపి నలుగు పెట్టుకోమంటుంది. పార్లర్‌లో ఫేషియల్ ప్యాకేజీ చెబుతారు. ఫోన్‌లో ఒకమ్మాయి నిమ్మరసం పూసుకోమంటుంది. పక్కింటి అక్క మాత్రం ఒక చిన్న ట్యూబు చేతిలో పెట్టి, "వారం రోజులు రాత్రిపూట రాసుకో, తేడా నువ్వే చూస్తావు" అంటుంది. ఈ నలుగురిలో అబద్ధం చెబుతున్నవారు ఎవరూ లేకపోవచ్చు. అయినా నాలుగు సలహాలకూ ఒకే విలువ ఇవ్వలేం. వాటిని ఎలా తూచాలో ఈ భాగంలో చూద్దాం. ముఖ్యంగా ఆ ట్యూబు గురించే ఎక్కువగా మాట్లాడుకుందాం. ఎందుకంటే అది నిజంగానే పనిచేస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది.

4.2 "నాకు పనిచేసింది" అనే సాక్ష్యం

ముఖం తెల్లబడుతుందని చేతులు మారే ఇలాంటి ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ వంటి పేర్లు ట్యూబు మీద సన్నటి అక్షరాల్లో కనిపిస్తాయి. ఎగ్జిమా, సోరియాసిస్ వంటి వ్యాధుల్లో ఇవి ఎంతో ఉపయోగపడే మందులు. మంగు మచ్చలకు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్‌లతో స్టెరాయిడ్ కలిపిన క్రీమును వైద్యులు కొద్ది వారాలకు రాసి, మధ్యలో చూసి, ఆపించేస్తారు. ఆ చీటీ మీది పేరు ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి పాకి, చివరికి 'ఫేస్ క్రీము' అయిపోతుంది.

మొదటి వారంలో జరిగేదేమిటి? స్టెరాయిడ్ చర్మంలోని సన్నటి రక్తనాళాలను కుంచింపజేస్తుంది. దాంతో రాసినచోట చర్మం పాలిపోతుంది. ఈ పాలిపోవడం ఎంత నమ్మకంగా జరుగుతుందంటే, ఏ స్టెరాయిడ్ ఎంత తీవ్రమైనదో తేల్చడానికి పరిశోధకులు 1960ల నుంచి దీన్నే ఒక పరీక్షగా వాడుతున్నారు. పైగా వాపు, ఎరుపు, దురద తగ్గుతాయి. మొటిమలు కూడా అణిగినట్టే ఉంటాయి. అద్దంలో చూసుకుంటే ముఖం నున్నగా, తెల్లగా కనిపిస్తుంది. అక్క సాక్ష్యం చెప్పింది ఈ దశలోనే.

నెలల తరబడి వాడితే కథ మారుతుంది. చర్మం పలచబడుతుంది, ఎర్రటి సన్న నాళాలు పైకి కనిపిస్తాయి, మొటిమలు గుంపుగా వస్తాయి, ముఖం మీద వెంట్రుకలు పెరగవచ్చు. ఎండలోకి వెళితే మంట పుడుతుంది. భయపడి ఆపేస్తే రెండు మూడు రోజుల్లో ముఖమంతా ఎర్రబడి మండుతుంది. మళ్లీ రాస్తే తగ్గుతుంది. అందుకని మళ్లీ రాస్తారు. స్టెరాయిడ్ వల్ల దెబ్బతిన్న ఇలాంటి ముఖాలు ఎంత ఎక్కువగా వచ్చాయంటే, దేశంలోని చర్మవైద్యుల సంఘం ఐఏడీవీఎల్ ఈ దుర్వినియోగంపై ప్రత్యేక కార్యదళాన్నే ఏర్పాటు చేసుకుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం పైపూత స్టెరాయిడ్లను, వైద్యుని చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ మందుల్లో చేర్చింది. అయినా కౌంటరు దగ్గర పేరు చెబితే ట్యూబు చేతికొచ్చే మెడికల్ షాపులు ఇంకా ఉన్నాయని మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఆలోచించండి. రెండో వారంలో ఉత్సాహంగా సాక్ష్యం చెప్పిన మనిషి ఎనిమిదో నెలలో వచ్చి చెబుతుందా? చాలావరకు చెప్పదు. సిగ్గుపడి ముఖానికి చున్నీ కప్పుకుంటుంది. అందువల్ల మన చెవిన పడే అనుభవాల్లో మొదటి వారాలవే ఎక్కువ. ఎవరైనా "నాకు పనిచేసింది" అంటే, "ఎన్నాళ్లు వాడావు, ఆపాక ఎలా ఉంది?" అని అడగాలి. చిన్న ప్రశ్నే గాని చాలా సలహాలు ఇక్కడే తేలిపోతాయి.

ఇంకొక సంగతి. పదిమందికి సరిపడినది పదకొండో మనిషికి పడకపోవచ్చు. స్టికర్ బొట్టునే తీసుకోండి. లక్షలమంది పెట్టుకుంటారు. కాని కొన్నిటి జిగురులో వాడే ఒక రసాయనం వల్ల కొందరికి బొట్టు పెట్టుకునే చోట తెల్ల మచ్చ వస్తుంది. జుట్టుకు వేసే నల్లరంగులోని పీపీడీ కూడా అంతే. ఏళ్ల తరబడి పడినవారికి ఒకనాడు ఉన్నట్టుండి ముఖం ఉబ్బిపోవచ్చు.

4.3 ట్యూబు మీద చదవవలసినవి

మన చట్టం మందును, సౌందర్య సాధనాన్ని వేరువేరుగా చూస్తోంది. శుభ్రపరచడానికి, అందంగా కనిపించడానికి వాడేది సౌందర్య సాధనం. జబ్బు నయం చేయడానికో నివారించడానికో వాడేది మందు. సౌందర్య సాధనాలకు 2020లో విడిగా నియమావళి వచ్చింది. ట్యూబు మీద ఎర్రటి నిలువు గీత, ఆర్ఎక్స్ గుర్తు ఉంటే అది చీటీ మీద అమ్మవలసిన మందు. ఎంత అందమైన పేరు పెట్టినా సరే.

సౌందర్య సాధనాల మీద పదార్థాల పట్టికను, ఒక శాతం కంటే ఎక్కువ ఉన్నవాటి వరకు, ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు. కలబంద బొమ్మ పెద్దగా వేసిన డబ్బాలో కలబంద పేరు పట్టిక చివరన ఉంటే, డబ్బు దేనికి ఇస్తున్నారో మీకే తెలుస్తుంది. తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరు, పదార్థాల పట్టిక ఏవీ లేని తెల్లబరిచే క్రీము జోలికి అసలు పోవద్దు. ఇలాంటివాటిలో పాదరసం ఉండవచ్చు. అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

4.4 చెప్పేవారు ఎవరు?

డబ్బు తీసుకుని పొగిడే వీడియోలో ఆ మాట స్పష్టంగా చెప్పాలని ప్రకటనల స్వీయ నియంత్రణ సంస్థ 2021లో నిబంధన పెట్టింది. 2023లో కేంద్ర వినియోగదారుల శాఖ కూడా మార్గదర్శకాలు ఇచ్చింది. 'యాడ్', 'స్పాన్సర్డ్' అనే మాట కనిపిస్తే అది ప్రకటన అని గుర్తించి, దాన్ని ప్రకటనగానే వినండి.

బోర్డు మీద 'స్కిన్ స్పెషలిస్ట్' అని ఉన్నంత మాత్రాన చాలదు. ఎంబీబీఎస్ తరువాత చర్మవ్యాధుల్లో ఎండీ, డీఎన్‌బీ లేదా డిప్లొమా ఉందా చూడండి. చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. దాన్ని రాష్ట్ర వైద్య మండలి జాబితాలో సరిచూసుకోవచ్చు. ప్రైవేటు ఫీజు భారమనుకుంటే ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంటుంది. కూర్చోవలసి వస్తుంది, నిజమే.

పార్లర్ అమ్మాయికి మేకప్‌లో మంచి నైపుణ్యం ఉండవచ్చు. ఏ లిప్‌స్టిక్ రంగు నప్పుతుందో ఆమెను అడగండి, మంగు మచ్చకు మందు మాత్రం అడగవద్దు. పిన్ని నలుగు చాలామందికి హాని చేయదు, గట్టిగా రుద్దకపోతే చాలు. నిమ్మరసం అలా కాదు. నిమ్మజాతి రసం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలెక్కి, నల్లమచ్చలు మిగలవచ్చు. సహజమైనది కదా అని ధీమా పడకూడదు.

ఏ కొత్త క్రీమైనా మోచేతి లోపలివైపు రూపాయి బిళ్లంత మేర రోజుకు రెండుసార్లు, వారం రోజులు రాసి చూడండి. అయితే ఈ పరీక్ష అలర్జీని పట్టిస్తుంది గాని స్టెరాయిడ్‌ను పట్టించదు. మీరు ఇప్పటికే స్టెరాయిడ్ ట్యూబు నెలలుగా వాడుతుంటే సొంతంగా ఒక్కసారి ఆపేయకండి. ఆ ట్యూబునే చేత్తో పట్టుకుని చర్మవైద్యుని దగ్గరికి వెళ్లండి. ఎలా తగ్గించాలో ఆయనో ఆమెో చెబుతారు.

అభ్యాసం: మీ ఇంట్లో ముఖానికి వాడుతున్న క్రీములన్నీ ఒకచోట పెట్టండి. ఎర్ర గీత ఉన్నవి పక్కకు తీయండి. ఒక్కొక్కటి ఇంట్లోకి ఎవరి మాట మీద వచ్చిందో, ఎన్నాళ్లుగా వాడుతున్నారో నోటు పుస్తకంలో రాసి, తదుపరి కాంటాక్ట్ తరగతికి తీసుకురండి.