తెరముద్ర: హైదరాబాదు బహుభాషా టెలివిజను చరిత్రకు ఒక ఆధారము

శాసనమునందు కాలము చెప్పబడనపుడు అక్షరముల ఆకృతిని బట్టి దాని శతాబ్దమును నిర్ణయించుట మన పరిశోధకులకు చిరపరిచితమైన పద్ధతి. తలకట్టు ఏ తీరున నున్నది, శకటరేఫము కలదా లేదా యని చూచి కొంత దూరము నిశ్చయముగా చెప్పగలుగుదుము. ఇట్టి పరీక్ష టెలివిజను దృశ్యములకును అవసరమగు కాలము వచ్చినదని మా యభిప్రాయము. అవధానములు, హరికథలు, రచయితలతో సంభాషణములు ఎన్నియో ఇండ్లలో తేదీ లేని కాసెట్లుగా మిగిలియున్నవి. సిద్ధాంతవ్యాసములలో వానిని ఉదహరించు విద్యార్థులు ‘టెలివిజను ప్రసారము’ అని మాత్రము వ్రాసి ఊరకుందురు. ఆ దృశ్యపు మూలలో నిలిచియుండు ఛానలు లోగో కాలనిర్ణయమునకు ఎంతవరకు అక్కరకు వచ్చునో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. సౌకర్యార్థము దానిని ‘తెరముద్ర’ యని వ్యవహరింతుము.

హైదరాబాదు టెలివిజను పుట్టుకతోడనే బహుభాషాప్రసారము. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వరకు అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహము సాయమున ఆరు రాష్ట్రములలోని సుమారు 2400 గ్రామములకు కార్యక్రమములు ప్రసారము చేయబడెను. ఆ ‘సైట్’ ప్రయోగమునకు కార్యక్రమములను సిద్ధపరచిన మూడు కేంద్రములలో హైదరాబాదు ఒకటి. ఇచ్చట తెలుగుతో పాటు కన్నడ కార్యక్రమములును తయారయినవి. 1976 ఏప్రిల్ 1న దూరదర్శన్ ఆకాశవాణి నుండి వేరుపడినది. 1977 అక్టోబరు 23న హైదరాబాదు కేంద్రము ప్రారంభమైనది.

వేరుపడిన నాటి నుండి దూరదర్శన్ ధరించిన ముద్ర అందరు ఎరిగిన నేత్రము. అహమదాబాదులోని జాతీయ డిజైను సంస్థలో విద్యార్థిగా నున్న దేబాశిస్ భట్టాచార్య దానిని రూపొందించెను. పండిత రవిశంకరు కూర్చిన నాదముతో రెండు వంపులు గోళము చుట్టును తిరిగి తిరిగి కన్నుగా కుదురుకొనుట ఆ తరము వారి జ్ఞాపకములలో చెరగనిది. మనము గమనింపవలసినదేమనగా, ఆ వంపులలో ఏ భాషాక్షరమును లేదు. ఇన్ని భాషల దేశమున ఏ లిపిని ముందుంచినను మరియొక లిపి వెనుకబడును గదా! ఆస్ట్రేలియాలో 1980 అక్టోబరు 24న టెలివిజను ప్రసారమారంభించిన ఎస్.బి.ఎస్. అను బహుసంస్కృతుల సంస్థయు తరువాతి కాలమున ఇట్టి మార్గమునే త్రొక్కి, భూగోళమును చీల్చి పరచినట్లుండు అయిదు వంపు ముక్కలను చిహ్నముగా గ్రహించెను. దానికి ప్రక్కనున్న రోమను అక్షరములు వేరు సంగతి.

అయితే ప్రతి ఛానలును కంటితోనో గోళముతోనో సరిపెట్టుకొనజాలదు. పేరు కనబడవలెను. ఇచ్చటనే తెలుగు లిపికి చిక్కు వచ్చినది. మన దేశమున వాడుకలో నుండిన పాత టెలివిజను పద్ధతిలో తెరపై చిత్రము 625 గీతలుగా ఏర్పడును; వానిలో చిత్రము కనబడునవి 576. అవియు ఒక్కసారిగా గాక, బేసి గీతలు ఒక తడవ, సరి గీతలు ఒక తడవ వచ్చును. ఒక గీత మందము మాత్రమే గల అడ్డురేఖ ఒక తడవ కనబడి మరియొక తడవ మాయమగుటచే కన్నులకు వణకుచున్నట్లు తోచును. మూలముద్రకు నలువది గీతల ఎత్తు ఇచ్చితిమనుకొందము. రోమను పెద్దక్షరమునకు ఆ నలువదియు దక్కును. ‘శ్రీ’ యను అక్షరమునకో, పైన గుడిదీర్ఘము, నడుమ హల్లు, క్రింద క్రారవడి: మూడంతస్తులు ఆ నలువదిలోనే ఒదుగవలెను. రేఖలు సన్నబడును, వణకును. కావున తెలుగు ఛానళ్లలో పెక్కింటికి ఈటీవీ, టీవీ9, ఎన్‌టీవీ, వీ6 అనునట్లు రోమను అక్షరముల పేర్లు కుదురుటను కేవలము ఆంగ్లవ్యామోహమని నిందించుట న్యాయము గాదు. వ్యామోహము లేదనియు మేము చెప్పజాలము.

ఈ దృష్టితో చూచినచో 2002లో ఆరంభమైన మా టీవీ ‘మా’ అను ఒక్క తెలుగక్షరమును ముద్రగా చేసికొనుట మెచ్చదగినది. ఒత్తు లేదు, గుడి లేదు. దీర్ఘము ప్రక్కకే సాగును. 2009లో వచ్చిన సాక్షి ఛానలు మాత్రము ‘క్ష’ వంటి అక్షరమును వదలలేదు. అంతకు ముందటి యేడు పుట్టిన పత్రిక శీర్షిక ఆ రూపమును ప్రజల కంటికి అలవాటు చేసియుండెను గదా. ప్రసక్తి వచ్చినది గనుక ఒక మాట. మన వ్యాకరణమున ‘మా’ శ్రోతను చేర్చుకొనదు, ‘మన’ చేర్చుకొనును. ఛానలు పలికినచో ‘మా టీవీ’ ప్రేక్షకుని వెలుపల నిలుపును. ప్రేక్షకుడు పొరుగువానితో పలికినచో సరిగా అమరును. ప్రభుత్వపు విద్యాప్రసారమునకు ‘మన టీవీ’ యని పేరుండెను. తెలంగాణమున అది 2017లో ‘టీ-శాట్’ అయ్యెను. సర్వనామము పోయి సంక్షేపాక్షరములు వచ్చినవి. మా టీవీకి అదే సంవత్సరమున ‘స్టార్’ అను విశేషణము చేరినది.

బహుభాషావిషయమున మిక్కిలి విలువగల ఉదాహరణము ఈటీవీ. 1995 ఆగస్టు 27న తెలుగులో ఆరంభమైన ఈ సంస్థ 2000-2002 సంవత్సరములలో మరాఠీ, బంగ్లా, కన్నడ, ఉర్దూ, గుజరాతీ, ఒడియా ఛానళ్లను, హిందీ రాష్ట్రముల ఛానళ్లను రామోజీ ఫిల్మ్ సిటీ నుండి నడపెను. అన్నింటికిని పేరులో ఒకే ‘ఈ’. తెలుగువానికి ఇది ‘ఈనాడు’ పత్రికలోని మొదటి అక్షరము. సామీప్యమును తెలుపు పదమును అదియే. ‘ఈ టీవీ’ యనగా ఎదుటనున్న యీ టీవీ యనియు స్ఫురించును. కన్నడమునను ‘ఈ’ కు అదే యర్థము. అచ్చట ‘ఈ నాడు’ అనగా ఈ దేశము. మిగిలిన భాషలలో ఈ శ్లేష నిలువదు. మరాఠీవారు ‘హా, హీ, హే’ అందురు, బంగ్లావారు ‘ఏఇ’ అందురు. గుజరాతీలో ‘ఆ’ యనగా మన ‘ఈ’! కావున హైదరాబాదులో పదముగా పుట్టిన ముద్ర భాష మారినంతనే అర్థమును విడిచి వట్టి ఆంగ్లాక్షరముగా మిగిలినది. ఇది లోపమని మేము అనము. అర్థమును కోల్పోయినందుననే అది అన్ని భాషలతోను పొసగినది.

నగరమునకు తూర్పున ఇది జరుగుచుండగా పడమట మాదాపురమున హైటెక్ సిటీ లేచుచుండెను. సైబరు టవర్సు 1998 నవంబరు 22న ప్రారంభమైనది. ఆ కొలువులకు వంగదేశము నుండియు ఉత్కళము నుండియు వచ్చిన యువకులు తమ గదులలో మాతృభాషా కార్యక్రమము చూచుచు అది కలకత్తా నుండియో కటకము నుండియో వచ్చుచున్నదని తలచియుందురు. నిజమునకు అది అదే నగరపు మరియొక కొస నుండి ఉపగ్రహమునకెగసి, తిరిగి గచ్చిబౌలిలో దిగుచుండెను.

2014లో ఈ ఛానళ్లలో చాలవరకు యాజమాన్యము మారినది. 2015లో మరాఠీ, కన్నడ, బంగ్లా, గుజరాతీ, ఒడియా వినోద ఛానళ్లు ‘కలర్స్’ పేరు దాల్చినవి. 2018లో హిందీ, ఉర్దూ వార్తా ఛానళ్లు ‘న్యూస్18’ అయినవి. కాబట్టి ఈటీవీ కన్నడ వినోద ఛానలు ముద్రతో జరిగిన ప్రసారము 2000కు ముందుది గాని 2015కు తరువాతిది గాని కానేరదు. తెలుగున ముద్ర నిలిచినను, 2014 రాష్ట్రవిభజనముతో ఈటీవీ2 కు బదులు ఈటీవీ ఆంధ్రప్రదేశ్, ఈటీవీ తెలంగాణ వచ్చినవి. అంతవరకు హిందీయేతర ఛానళ్లలో ముద్ర క్రింద భాష పేరుండుట పరిపాటి. ఇపుడు ఒకే భాషకు రెండు రాష్ట్రముల పేర్లు. దూరదర్శన్‌లోను ఇదే జరిగినది. 2003లో ‘సప్తగిరి’ యని పిలువబడిన ఛానలు 2014లో ఆంధ్రప్రదేశమునకు చెందగా, హైదరాబాదుది ‘యాదగిరి’ అయ్యెను. కొండ మారినను ‘గిరి’ నిలిచినది. అందుచే ‘సప్తగిరి’ ముద్రను చూచి హైదరాబాదు కేంద్రమని వెంటనే వ్రాయరాదు. 2014కు పూర్వమా పరమా తేల్చవలెను.

ఇక మా అనుభవము. మా విద్యార్థి యొకడు ఒక అష్టావధాన దృశ్యమును కంప్యూటరు ప్రతిగా తెచ్చి, మూలన సప్తగిరి ముద్రయున్నది గనుక 2003కు తరువాతి సభయని వ్రాసెను. మేమును మొదట అంగీకరించితిమి. మరల చూడగా అవధాని ముఖము, పృచ్ఛకుల ముఖములు అడ్డముగా సాగియున్నవి. ముద్రలోని నేత్రగోళము మాత్రము నిండు వృత్తము. ప్రతి తీసినవాడు చిత్రమును సాగదీసియుండినచో ముద్రయు కోలగా సాగవలసినది. అట్లు కాలేదు గనుక, 4:3 కొలత గల పాత చిత్రమును 16:9 కొలత గల తెరకు సాగదీసి, ఆ పిమ్మట ముద్ర నుంచి పునఃప్రసారము చేసిరనుట స్పష్టము. ముద్ర తెలుపునది పునఃప్రసార కాలమును మాత్రమే. తేరిపార చూడగా, క్రొత్త ముద్రకు కొంచెము లోపలగా మసకబారిన మచ్చ యొకటి కానవచ్చినది. అది పాత ముద్రను కప్పిన చోటు. పాత పెట్టెల తెర అంచులలో చిత్రము కొంత మరుగుపడెడిది గనుక ఆనాడు ముద్రను లోపలికి జరిపియుంచెడివారు. విద్యార్థి తన వ్యాసమున ‘2003కు తరువాత’ అను మాటను కొట్టివేసి, ‘సభాకాలము అనిర్ణీతము, పునఃప్రసారము 2003కు పరము’ అని దిద్దుకొనెను.