ఆవు పొట్టలో అన్నం

పెళ్లిలో మిగిలిన అన్నమంతా పశువు ముందు పోస్తే పుణ్యమనుకుంటాం. అదే దాని ప్రాణం తీయవచ్చు. ఎలాగో చూద్దాం.

ఆవు పొట్టకు 4 అరలు. మొదటిదే పెద్దది. పెద్ద ఆవులో 100 లీటర్లకు పైగా పడుతుంది. గడ్డిలోని పీచును ఆవు తనంతట తాను అరిగించుకోలేదు. ఆ అరలో ఉండే కోటానుకోట్ల సూక్ష్మజీవులు పీచును మెల్లగా పులియబెడతాయి. అందులోంచి వచ్చిన సారం రక్తంలో కలిసి, ఒంట్లోని కణాలకు శక్తినిస్తుంది.

అన్నంలోని పిండిపదార్థమైతే చప్పున పులుస్తుంది. ఒక్కసారిగా ఎక్కువ పడితే లాక్టిక్ ఆమ్లం పేరుకుని, పీచును అరిగించే జీవులు చస్తాయి. నెమరు ఆగుతుంది, కడుపు ఉబ్బుతుంది, పశువు కూలబడుతుంది. అప్పుడు ఆలస్యం చేయక పశువైద్యుణ్ణి పిలవండి.

మేత మార్చాలన్నా 10, 14 రోజులపాటు కొద్దికొద్దిగా మార్చండి. అన్నం గుప్పెడు చాలు, గంపెడు వద్దు.