గంగలో కలిసే ముందు

తెలుగు ఊళ్ల నుంచి ఏటా ఎంతోమంది రిషికేశ్, బదరీనాథ్ యాత్రకు వెళతారు. గంగలో మూడు మునకలు వేస్తారు. చిన్న చెంబులో గంగనీళ్లు పట్టుకుంటారు. మూత బిగించి భద్రంగా ఇంటికి తెచ్చుకుంటారు.

ఆ గంగ ఒడ్డునే ఊళ్లు ఉన్నాయి. సత్రాలు, హోటళ్లు ఉన్నాయి. అక్కడా గిన్నెలు తోముతారు. బట్టలు ఉతుకుతారు. మరుగుదొడ్లు వాడతారు. మరి ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోతాయి? నీరు పల్లమెరుగు అంటారు కదా. కొండ మీద ఏ నీళ్లు పారబోసినా చివరికి నదిలోకే చేరతాయి.

అలా చేరితే ఏమవుతుంది?

నది అక్కడే ఆగదు. దిగువ ఊళ్లకు పోతుంది. అక్కడి వాళ్లు ఆ నీళ్లే వాడుకుంటారు. ఒక ఊరి మురుగు ఇంకో ఊరి మంచినీళ్లు అవుతుంది. విరేచనాలు, కలరా, టైఫాయిడ్, కామెర్లు ఇలాగే వస్తాయి. ముందుగా పసిపిల్లలు పడిపోతారు. రాత్రంతా మేలుకొని చూసుకునేది తల్లులే.

అందుకే మురుగును నదిలో కలిసే ముందే శుభ్రం చేయాలి. ఆ పని చేసే చోటును మురుగునీటి శుద్ధి కేంద్రం అంటారు.

నీళ్లు ఎలా శుభ్రమవుతాయి?

మొదట మురుగు ఇనప కడ్డీల జల్లెడ దాటుతుంది. గుడ్డలు, ప్లాస్టిక్ సంచులు అక్కడే ఆగిపోతాయి.

తర్వాత ఇసుక తొట్టి. బియ్యం గాలిస్తే రాళ్లు అడుగున మిగులుతాయి. ఇక్కడ ఇసుక అలాగే అడుగుకు చేరుతుంది.

మూడోది గాలి తొట్టి. అసలు పని జరిగేది ఇక్కడే. కంటికి కనిపించని సూక్ష్మజీవులు నీళ్లలోని మురికిని తింటాయి. అవి బతకాలంటే గాలి కావాలి. అందుకే మిషన్లతో నీళ్లలోకి గాలి ఊదుతారు.

నాలుగోది తేట తొట్టి. నీళ్లను కదపకుండా ఉంచితే బురద కిందికి దిగుతుంది. పైన తేట నీళ్లు మిగులుతాయి. ఆ బురదలో బోలెడు సూక్ష్మజీవులు ఉంటాయి. అందులో కొంత మళ్లీ గాలి తొట్టికి పంపుతారు. పాలు తోడు పెట్టడానికి కాస్త పెరుగు దాచుకున్నట్టే ఇది.

చివరగా క్లోరిన్ వంటి మందు కలిపి రోగక్రిములను చంపుతారు. అప్పుడు నదిలోకి వదులుతారు. అయినా ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. నదికి కీడు తగ్గుతుంది, అంతే.

కొండల్లో కష్టాలు

మైదానంలో అయితే తొట్లు విశాలంగా కట్టుకోవచ్చు. కొండల్లో చదును నేల దొరకదు. రిషికేశ్‌లోని చంద్రేశ్వర్ నగర్‌లో ఇదే చిక్కు వచ్చింది. అక్కడ మేడలా నాలుగు అంతస్తుల్లో కేంద్రం కట్టారు. రోజుకు 75 లక్షల లీటర్ల మురుగును అది శుభ్రం చేయగలదు. 15 లీటర్ల బిందెతో కొలిస్తే 5 లక్షల బిందెలు! రిషికేశ్‌లోనే లక్కడ్‌ఘాట్ దగ్గర 2 కోట్ల 60 లక్షల లీటర్ల కేంద్రం ఉంది. ఈ రెండూ 2020 సెప్టెంబరు 29న ప్రారంభమయ్యాయి. అదే రోజు బదరీనాథ్‌లోనూ రోజుకు 10 లక్షల లీటర్ల కేంద్రం మొదలైంది. ఇవన్నీ ‘నమామి గంగే’ పథకం కింద కట్టినవి.

చలి ఇంకో కష్టం. బదరీనాథ్ 10 వేల అడుగుల ఎత్తున ఉంది. చలికాలంలో పెరుగు త్వరగా తోడుకోదు కదా. చలిలో సూక్ష్మజీవులూ అలాగే మెల్లగా పనిచేస్తాయి. పైగా యాత్ర రోజుల్లో జనం పోటెత్తుతారు. గుడి మూసిన ఆరు నెలలూ ఊరు ఖాళీ. కొండచరియలు విరిగిపడితే పైపులు పగులుతాయి.

మిషన్లు నడవాలంటే కరెంటు ఉండాలి. కరెంటు దగ్గర జాగ్రత్తా ఉండాలి. 2023 జులై 19న చమోలీలో అలకనంద ఒడ్డున ఉన్న కేంద్రంలో కరెంటు ప్రమాదం జరిగింది. 16 మంది చనిపోయారు. నదిని శుభ్రం చేసే చోట మనుషుల ప్రాణాలకూ రక్షణ ఉండాలి.

ఇంట్లో చేయగలిగేది

కేంద్రం కట్టినంత మాత్రాన పని అయిపోదు. ప్రతి ఇంటి మురుగూ పైపుల్లో పడి అక్కడికి చేరాలి. మరుగుదొడ్డిలో గుడ్డలు, ప్యాడ్లు, ప్లాస్టిక్ వేస్తే పైపులు పూడుకుపోతాయి. వాడిన నూనె పారబోస్తే లోపల గడ్డకడుతుంది. పైపు పూడితే మురుగు వీధిలోకి పొంగుతుంది. లేదా నదిలోకే పోతుంది.

చెంబులోకి పట్టే గంగ ఎంత పవిత్రమో, పైనుంచి పారే గంగ కూడా అంతే పవిత్రం.

చదివి చర్చించండి

1. గాలి తొట్టిలో మురికిని ఏవి తింటాయి?
2. చంద్రేశ్వర్ నగర్‌లో నాలుగు అంతస్తులు ఎందుకు కట్టారు?
3. మీ ఊరి మురుగుకాలువ చివరికి ఎక్కడ కలుస్తోంది? దాని దిగువన ఆ నీళ్లు ఎవరు వాడుతున్నారు?